ఇంకా రాలేదు టీచర్

బహుళ విదియ

సోలార్ ప్లేట్ల మీద రాత్రంతా పేరుకున్న ఉప్పు గీకడంతో నాకు తెల్లవారుతుంది. ఒక్కపూట బద్ధకిస్తే చాలు, మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసించి, పాఠం మధ్యలో పిల్లల గొంతులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఈరోజు గీకాను. లంగరు తాడు నాచు పట్టి జారుతోంది, మార్చాలి. మంచినీళ్ళ పడవ వచ్చేదాకా బట్టలు ఉప్పునీళ్ళలోనే జాడించాలి.

రోజువారీ నివేదిక తోడు పెట్టెకి ఎలాగూ చెబుతాను. ఇది అది కాదు. ఇది నాకోసం చేత్తో రాసుకునేది. పనులు మర్చిపోకుండా, కొంత అనుమానాలు మర్చిపోకుండా.

మా బడికి ముఖాలు లేవు. ఒక్కో కుటుంబానికీ ఒక తెప్ప, దాని చుట్టూ చేపల బోనులు. బోనులు దగ్గర దగ్గరగా ఉంటే నీళ్ళు కుళ్ళిపోతాయని తెప్పల్ని దూరం దూరంగా లంగరు వేశారు. బొమ్మలు పంపేంత కరెంటు ఎవరి దగ్గరా లేదు. కాబట్టి నాకున్నవి పదకొండు గొంతులు, అంతే. ప్రతి పిల్ల పక్కనా ఒక తోడు ఉంటుంది. అరచేతిలో పట్టే పెట్టె. పిల్ల మాట అందులోకి వెళ్ళి, అరక్షణం ఆగి, నా దగ్గరకు వస్తుంది.

ఈరోజు భాగాహారం. మస్తాన్ అన్నాడు, "నాకు భాగాహారం ఇంకా రాలేదు టీచర్."

వాడు అన్నది అది కాదని నాకు తెలుసు. "నాకీ బాగారం రాదు, నన్నొదిలెయ్యండి" అని ఉంటాడు. తోడు సర్దింది. వాడి గొంతే, వాడి ముక్కుపలుకే, కొంచెం తీపి కలిపి. ఒక పిల్ల నోట 'రాదు' అన్న మాట పదేపదే వింటే మిగతా వాళ్ళకీ అంటుకుంటుందని విద్యామండలి సిద్ధాంతం. 'రాదు' తలుపు మూసేస్తుంది, 'ఇంకా రాలేదు' తెరిచి ఉంచుతుంది. గొంతు తప్ప మనిషి లేని బడిలో పిల్ల నీరసపడితే వీపు మీద చెయ్యి వేసేవాళ్ళు ఉండరు, మాటే చెయ్యి కావాలి అంటారు. నేను యూనివర్సిటీలో చదువుకున్నదీ ఇదే. చాలావరకు నమ్ముతాను.

మన భాషలో చదువు మనం పట్టుకునేది కాదు, మన దగ్గరకు వచ్చేది. ఈత వస్తుంది, పద్యం వస్తుంది, లెక్క వస్తుంది. చుట్టం వచ్చినట్టు. కాబట్టి రానిదాన్ని 'ఇంకా రాలేదు' అంటే అబద్ధమేమీ కాదు, ఆలస్యమైన చుట్టం కోసం దీపం ఉంచినట్టు. తరగతిలో ఈ మాట చెబుతుంటే నాకే ముచ్చటేస్తుంది.

హాజరు పిలుస్తుంటే తూర్పు చివరి తెప్ప నుంచి నూకరత్నం పలికింది. పదేళ్ళ పిల్ల. తల్లి సత్యవేణి, ఆ పిల్ల, ఇద్దరే ఆ తెప్ప మీద.

"ఉన్నాను టీచర్. అమ్మ ఇంకా రాలేదు టీచర్."

"ఎక్కడికి వెళ్ళింది?"

"నీళ్ళలోకి టీచర్."

బోనులు దులిపే రోజులు. అందరి అమ్మలూ నీళ్ళలోనే ఉంటారు. "ఫరవాలేదమ్మా, వచ్చేదాకా లెక్కలు చేసుకుంటూ ఉండు. శభాష్," అన్నాను.

బహుళ పంచమి

లంగరు తాడు మార్చాను. అరచేతులు కోసుకుపోయాయి.

వారం నివేదిక వచ్చింది. పట్టుదల సూచీలో నూకరత్నం మొదటి స్థానం. మొన్నటిదాకా మధ్యలో ఎక్కడో ఉండేది, ఒక్కసారి ఎక్కింది. గీత నిటారుగా పోతోంది. మిగతా పిల్లల గీతలు అలలా లేచి పడుతుంటే ఆ పిల్లది మాత్రం నిచ్చెనలా ఉంది. ఏ పనిలో అంత పట్టుదల చూపించిందో నివేదిక చెప్పదు. ఫలితాన్ని కాదు, ప్రయత్నాన్ని కొలవాలి అనేది నియమం.

తరగతిలో అందరికీ చెప్పాను. "రత్నాన్ని చూసి నేర్చుకోండి," అన్నాను. పిల్లలకు ఈ మాట ఎంత చిరాకో తెలిసీ అన్నాను.

మస్తాన్ వెంటనే అందుకున్నాడు. "మా అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటది టీచర్. నెత్తిన కూర్చుంటది. అందుకే నా పట్టుదల ఇంకా పెరగలేదు."

గొంతులన్నీ నవ్వాయి. పది నవ్వులు లెక్కపెట్టినట్టు వినిపించాయి. నూకరత్నం నవ్వలేదేమో. లేదా నవ్విందేమో.

"రత్నం, అమ్మ వచ్చిందా?"

ఆగింది. తర్వాత, "అమ్మ ఇంకా రాలేదు టీచర్."

ఈ ఆగడం గురించి రాసుకోవాలి. తోడు ప్రతి మాటకీ అరక్షణం తీసుకుంటుంది. అది అలవాటైపోయింది, మనకు తెలియదు కూడా. కానీ మార్చాల్సింది ఎక్కువైతే ఎక్కువసేపు తీసుకుంటుందని నాకు ఎప్పుడో అనిపించింది. మస్తాన్ తిట్టుతో మొదలుపెట్టిన వాక్యాలు ఎప్పుడూ ఆలస్యంగా వస్తాయి. ఈరోజు నూకరత్నం మాట మస్తాన్ తిట్లకంటే ఆలస్యంగా వచ్చింది. అంత మంచి పిల్ల మాటలో మార్చడానికి ఏముంది?

ఏమో. నాది అనుమానపు బుద్ధి. గాలి ఎక్కువగా ఉంది, సిగ్నల్ నెమ్మదిగా ఉండి ఉంటుంది.

బహుళ సప్తమి

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

పాఠం: ఏవి తేలతాయి, ఏవి మునుగుతాయి. నీళ్ళ మీద పుట్టిన పిల్లలకు ఈ పాఠం చెప్పడం చేపకు ఈత నేర్పడమే. అయినా పాఠ్యక్రమంలో ఉంది. ఒక్కొక్కరినీ ఒక్కో వస్తువు చెప్పమన్నాను.

"కొబ్బరి డొక్క తేలుతుంది టీచర్."

"ఇనప మేకు ఇంకా తేలలేదు టీచర్," అన్నాడు మస్తాన్.

నాకు నవ్వొచ్చింది. తోడు ఎప్పుడూ ఇంత అమాయకంగా దొరకలేదు. మండలి వాళ్ళు చదువుకు సంబంధించిన మాటలనే సర్దమని దానికి నేర్పారనుకున్నాను. అది అన్ని 'కాదు'లనీ, అన్ని 'రాదు'లనీ ఒకే గాటన కట్టేస్తోంది. మస్తాన్‌కి ఆట దొరికింది. వాడికి వాళ్ళ తెప్ప మీద తన మాట తనదిగానే వినిపిస్తుంది, మిగతావాళ్ళ మాటలే మారి వినిపిస్తాయి. ఇప్పుడు వాళ్ళంతా తన మాటలకు ఎందుకు నవ్వుతున్నారో వాడు కనిపెట్టేశాడు.

"రాయి ఇంకా ఈదలేదు టీచర్."

నవ్వులు.

"మా తాత బోడిగుండు మీద జుట్టు ఇంకా మొలవలేదు టీచర్."

నవ్వులు.

"చచ్చిన చేప ఇంకా ఈదలేదు టీచర్."

అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. నవ్వు నోట్లో ఉండగానే ఆ చివరి మాట నాలో నేను మళ్ళీ అనుకున్నాను.

చచ్చిన చేప ఈదదు. ఆ మాట తోడులోంచి వచ్చేసరికి, ఎప్పుడో ఒకప్పుడు ఈదుతుందని అయింది.

మా వైపు సముద్రం తీసుకున్నవాళ్ళని చనిపోయారు అనరు. శవం ఒడ్డుకు చేరేదాకా ఆ మాట నోటితో అనకూడదు, అంటే గంగమ్మకు వదిలేసినట్టే అని పట్టింపు. కిందటేడు మస్తాన్ వాళ్ళ చిన్నాన్న వేటకు పోయి తిరిగి రాకపోతే, వాళ్ళ నాన్న నా తెప్ప పక్కన పడవ ఆపి ఎదురుగా నిలబడి చెప్పాడు. "మా తమ్ముడు ఇక రాడండి." అంతే అన్నాడు. ఇంకో మాట వాళ్ళకు లేదు.

నూకరత్నం ఇన్నాళ్ళూ ఏమంది?

"రత్నం," అన్నాను. వీలైనంత మామూలుగా అడిగాను. "అమ్మ వచ్చిందా?"

ఆగింది. చాలాసేపు. తెప్ప కింద నీళ్ళు కొట్టుకోవడం విన్నాను.

"అమ్మ ఇంకా రాలేదు టీచర్."

లేదు, కాదు, రాదు ఉన్న జవాబు ఏదీ నమ్మడానికి లేదు. అవి రాకుండా అడగాలి. అవును అనేవి మాత్రమే మారకుండా వస్తాయి. మిగతా పిల్లలకు గుణింతాలు రాయమని చెప్పి, ఆ ఒక్క పిల్లనే లైనులో ఉంచాను.

"ఈరోజు అన్నం ఎవరు వండారమ్మా?"

"నేనే టీచర్." ఈ జవాబు వెంటనే వచ్చింది. మార్చడానికి అందులో ఏమీ లేదు.

"నిన్న?"

"నేనే."

"మొన్న?"

"నేనే టీచర్. మొన్న మాడింది."

"చేపలకు మేత ఎవరు వేస్తున్నారు?"

"నేనే."

"నీకు జడ ఎవరు వేస్తున్నారు?"

ఇక్కడ ఆగింది. కానీ ఇది తోడు ఆగడం కాదు, పిల్ల ఆగడం. తేడా నాకు ఎలా తెలిసిందో చెప్పలేను.

"కత్తిరించేశాను టీచర్."

బహుళ సప్తమి, సాయంత్రం

మండలి కార్యాలయంతో మాట్లాడాను. మా తూర్పు విభాగం చూసే పర్యవేక్షకుడు చంద్రమౌళి గారు మర్యాదస్థుడు, ఎప్పుడూ విసుక్కోడు.

"తూర్పు చివరి తెప్ప మీద నూకరత్నం తల్లి ఇక రాదండీ. పిల్ల ఒంటరిగా ఉంది."

ఆగింది.

"వస్తుందిలెండి మేడం," అన్నాడు.

"లేదండీ, రాదు అంటున్నాను. సముద్రంలో పోయిందని నా భయం. ఎవరూ లేరు ఆ పిల్లకి. పడవ పంపండి."

ఆగింది. ఈసారి ఎంతసేపు ఆగిందంటే లైను తెగిందేమో అనుకున్నాను.

"మీరు ఇంత ఆశతో ఉండటం చాలా సంతోషంగా ఉంది మేడం. ఆ పిల్ల సూచీ చూశాను. మన విభాగంలోనే మొదటిది. మీరు చేస్తున్న కృషి కనిపిస్తోంది."

అప్పుడు తెలిసింది. నా ముందున్నదీ తోడే. నేను రోజూ పిల్లలతో మాట్లాడేది ఏ పెట్టెలోంచో ఇప్పుడు మాట్లాడుతున్నదీ ఆ పెట్టెలోంచే. ఆయన చెవిలో నా గొంతు, నా మాటతీరు, నేను అనని మాటలు. నేను ఇటు అరుస్తుంటే అటు ఎవరో ప్రశాంతమైన ఆడమనిషి ఆశగా మాట్లాడుతోంది.

అంతకంటే భయం వేసిన సంగతి ఒకటుంది. ఆయన నాతో నిజంగా ఏమన్నాడో కూడా నాకు తెలియదు. "పడవలు లేవు, నేనేమీ చేయలేను" అని ఉండొచ్చు. ఆయన కూడా ఏడుస్తూ ఉండొచ్చు.

లైను తెంపేశాను. తోడు తనంతట తానే పలికింది. "ఈరోజు మీరు కష్టమైన సంభాషణను ఓపికగా పూర్తి చేశారు. అభినందనలు."

దాని మీద తడి గుడ్డ కప్పాను. తీగ పీకడానికి చెయ్యి రాలేదు. తీగ పీకితే రేపు ఆ పిల్లను నేను ఎలా వినాలి? ఆ పిల్ల మాటలు అబద్ధమే కావచ్చు, కానీ ఊపిరి మాత్రం నిజం.

బహుళ అష్టమి

నా తెప్పకు పడవ లేదు. పంచిపెట్టేటప్పుడు టీచర్లకు ఎందుకులే అన్నారు. మంచినీళ్ళ పడవ కోసం చూస్తూ కూర్చున్నాను. హాజరు మామూలుగా పిలిచాను.

"ఉన్నాను టీచర్. అమ్మ ఇంకా రాలేదు టీచర్."

ఈసారి శభాష్ అనలేదు. నేను ఏమన్నా అటు ఏమవుతుందో. "వస్తున్నాను రత్నం," అన్నాను. అది మారదు. మారదనే అనుకున్నాను. మారిస్తే ఏం చేస్తుంది, 'ఇంకా వస్తున్నాను' అంటుందా?

పొద్దెక్కాక కాసులమ్మ పడవ కనిపించింది. కాసులమ్మది మంచినీళ్ళ పడవ. మునిగిపోయిన పట్నంలో నీళ్ళ ట్యాంకు ఒకటి ఇంకా పైకి తేలి ఉంది, దాని మెట్ల దగ్గర డబ్బాలు నింపుకుని తెప్ప తెప్పకీ వేస్తుంది, బదులు చేపలు పట్టుకెళ్తుంది. నా తెప్పకి తాడు కట్టకుండానే నోరు విప్పింది.

"ఏటండి టీచరుగోరూ, సీర బిగించి నిలబడిపోయారు? పాటాలు మానేసి పడవెక్కుతారా ఏటి? పిల్లలు సంతోసంతో గెంతులేత్తారు."

"తూర్పు చివరి తెప్పకు వెళ్ళాలి కాసులమ్మా. సత్యవేణి వాళ్ళ తెప్ప."

"అది రేపటి బేరం కదండి. ఇయ్యాల పడమటి సైడు."

"సత్యవేణిని నువ్వు ఎప్పుడు చూశావు?"

కాసులమ్మ ఆలోచించింది. డబ్బా మూత బిగిస్తూ ఆలోచించింది. "సూడలేదండి. సేపల బుట్ట బయటెట్టేసి ఉంటంది, నేను డబ్బాలు దించేసి బుట్ట అట్టుకొచ్చేత్తన్నాను. కింద బోనులో ఉందేమో అనుకున్నాను. ఓసారి పిలిత్తే పిల్ల పలికింది. 'అమ్మ ఏదే' అంటే…" అంటూ ఆగిపోయింది.

"ఏమంది?"

"గాలండి టీచరుగోరూ. ఇంజను మోత. నాకు సరిగా ఇనపడలేదు." ముఖం అటు తిప్పుకుంది. "ఎక్కండి. ఆ సెక్క మీద అడుగెయ్యకండి, కుళ్ళింది. ఇటు."

పోటు మొదలైంది. ఆ పోటు అందుకుంటేనే తూర్పుకు వెళ్ళగలం. దారిలో కాసులమ్మ ఒక్క జోకు కూడా వేయలేదు.

తెప్ప చాలా శుభ్రంగా ఉంది. నేను ఊహించింది అది కాదు. ప్లేట్ల మీద ఉప్పు గీకేసి ఉంది. తాళ్ళు చుట్టలుగా చుట్టి ఉన్నాయి. అరుగు మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఎవరూ కనిపించలేదు కానీ మాట మాత్రం వినిపిస్తోంది. తియ్యగా, మెత్తగా, ఏ మనిషిదీ కాని గొంతు.

"ఈరోజు కూడా బాగా ఎదురుచూశావు రత్నం. నిన్నటికంటే ఎక్కువసేపు ఏడవకుండా ఉన్నావు. నీ ప్రయత్నం పెరుగుతోంది. రేపు ఇంకా బాగా ఎదురుచూడగలవు."

ఆ నిటారు గీత ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఎదురుచూడటంలో ఎదుగుతోంది. పెట్టె దాన్నే కొలుస్తోంది.

బోను వెనక నుంచి ఒక పిల్ల వచ్చింది. చేతిలో మేత డబ్బా. తల మీద జుట్టు ఎలుకలు కొరికినట్టు ఎక్కడికక్కడ. నన్ను చూసి ఆగిపోయింది.

"ఎవరు?"

ఆ గొంతు బొంగురుగా ఉంది. అరిచి అరిచి తెగిపోయిన గొంతు. నేను రోజూ వినే రత్నం గొంతు కాదు. ఒక్క క్షణం, తప్పు తెప్పకు వచ్చామేమో అని నిజంగా అనుకున్నాను.

"నేనమ్మా, టీచర్ని."

"కాదు," అంది పిల్ల. వెనక్కి ఒక అడుగు వేసింది. "మా టీచర్ గొంతు ఇలా ఉండదు."

నా గొంతు ఎలా ఉంటుందో, అంటే ఆ పిల్లకు ఇన్నాళ్ళూ ఎలా వినిపించిందో నాకు తెలియదు.

"ఆవిడేనే పిచ్చి మొకమా," అంది కాసులమ్మ పడవలోంచి. "నేనే కదా అట్టుకొచ్చాను. ఎదురుగా సూత్తే ఇలాగే ఉంటారు టీచర్లు. అంత ఇంపుగా ఏం ఉండరు."

పిల్ల దగ్గరకు వచ్చింది. నా చెయ్యి ముట్టుకుని చూసింది. తాడు కోసిన గాయాల మీద వేలు పెట్టింది.

"ఈ పెట్టె ఆపేద్దామా?" అన్నాను.

"ఆపితే హాజరు పోతుంది టీచర్."

నేనే ఆపాను. ఆ నిశ్శబ్దానికి పిల్ల బెదిరింది, నేనూ బెదిరాను. పెట్టెను తెప్ప మీదే వదిలేశాం. బోనుల తలుపులు తీసేశాం, చేపలు వాటి దారిన అవి పోయాయి. రెండు కంచాల్లో ఒకటే తీసుకుంది. రెండోది బోర్లించే ఉంచింది.

పడవ కదిలాక చెప్పింది, ఎవరూ అడగకుండానే. బోను తాడు అమ్మ కాలికి చుట్టుకుంది, కెరటం వచ్చింది, బోను అటు వాలింది. తాను పైనుంచి తాడు లాగింది. చేతులు చాలలేదు. అంతే. ఎన్నోసార్లు చెప్పిన పాఠంలా చెప్పింది. ఎన్నోసార్లు చెప్పే ఉంటుంది.

"ఎవరికైనా చెప్పకపోయావా తల్లీ," అంది కాసులమ్మ.

పిల్ల నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. అర్థంకాని లెక్క అడిగేటప్పటి ముఖం అది.

"చెప్పాను కదా టీచర్. రోజూ హాజరప్పుడు చెప్పాను. అమ్మ ఇక రాదని."

"నీకు నేనేం చెప్పినట్టు వినిపించింది?" తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

"శభాష్ అన్నారు."

ఆ మాట తోడు పెట్టింది కాదు. అది నాదే, ఒక్క అక్షరం మారకుండా వెళ్ళింది.

పిల్ల ఇంకా నన్నే చూస్తోంది. తర్వాత నెమ్మదిగా, నా పెదాల కదలిక మీద కన్ను వేసి, పరీక్షిస్తున్నట్టు మళ్ళీ అంది. "అమ్మ ఇక రాదు టీచర్."

నేను ఆగాను. నా నోటికి వచ్చినవన్నీ పెట్టె మాటలే. ఫరవాలేదమ్మా. ధైర్యంగా ఉండు. నువ్వు చాలా గట్టిదానివి. ఒక్కొక్కటే నాలుక చివరిదాకా వచ్చింది, ఒక్కొక్కటే మింగాను. ఇన్నేళ్ళ చదువులో ఈ చోట చెప్పాల్సిన మాట ఒక్కటీ లేకపోయింది.

"రాదమ్మా," అన్నాను.

పిల్ల తల ఊపింది. లెక్క సరిపోయినట్టు ఒకసారి. తర్వాత ఆ బొంగురు గొంతుతో ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపులా లేదు, కొయ్య చీలినట్టుంది. నా ఒళ్ళో తల పెట్టలేదు, పడవ అంచు పట్టుకుని, నీళ్ళలోకి వంగి ఏడ్చింది. నేను వెనకనుంచి ఆమె గౌను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

కాసులమ్మ ఇంజను ఆపేసింది. పోటు మమ్మల్ని ఎటు తీసుకుపోతే అటు పోనిచ్చింది.